జైలు ఎవరి కోసం కడుతున్నరు?

(స్టేషన్ ఘనపూర్‌లో వాడల కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు మాట్లాడిన మాటలకు అక్షరరూపం)



ఈ సమావేశంలో భూమి గురించో, కూలి గురించో, పిల్లల స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడమంటరని అనుకున్నం. జైళ్ల గురించి మాట్లాడమన్నరు. మంచిదే. మన మీటింగుల్లో జైలు మాట ఎత్తితే మనోళ్లు తల వంచుకుంటరు. ఎందుకంటే ఏ వాడకు పోయినా జైలు చూసి వచ్చినోళ్లు ఒకరో ఇద్దరో ఉంటరు. వాళ్ల గురించి అరుగుల మీద గుసగుసగా మాట్లాడుకుంటం, మైకు ముందు మాట్లాడం. ఇయ్యాల మైకు ముందే మాట్లాడుదాం.

ముందుగాల ఒక తల్లి ముచ్చట. పేరు చెప్పం, ఊరు చెప్పం. ఆమె కొడుకు మా దగ్గర ఏడో తరగతి దాకా చదివి మానేసిండు. వ్యవసాయ మోటర్లు పోతున్నయని ఒకరోజు పోలీసులు అతన్ని తీసుకపోయిండ్రు. రిమాండు చేసి వరంగల్ జైలుకు పంపిండ్రు. అప్పుడు కరోనా కాలం. ములాఖత్‌లు బందు. మళ్లీ ఎప్పుడు మొదలైతయా అని ఆ తల్లి ఎదురుచూస్తుంటే, ములాఖత్ మొదలు కాకముందే జైలే లేకుండ పోయింది. కొడుకును హైదరాబాదు దిక్కు తీసుకపోయిండ్రని ఎవరో చెప్తే ఆమెకు తెలిసింది.

వరంగల్ జైలు ఉన్నప్పుడు మన ఘనపూర్ స్టేషన్‌ల పొద్దున బండెక్కితే కాజీపేటల దిగి, జైలుకు పోయి, కొడుకును చూసి, పొద్దుగూకేసరికి ఇంటికి రావచ్చు. ఇప్పుడు అదే పట్టాల మీద ఎదురు దిక్కుకు పోవాలె. టికెట్టు పైసలు, ఆటో పైసలు, పోయిన కూలి, లోపల కొడుకు ఖాతాల వెయ్యాల్సిన పైసలు. ఒక్కసారి పోయి రావాలంటే రెండు రోజుల కూలి నీళ్లపాలు. ఆ తల్లి రెండుసార్లు పోయింది. మూడోసారి పోలేదు.

వరంగల్ జైలు కథ మీకు తెలిసిందే. నిజాం కాలంల, 1880లలో కట్టిన జైలు. ఎంజీఎం దవాఖాన దగ్గర ఉండేది. అందులో ఖైదీలు నేసిన తివాచీలకు పేరు ఉండేది. కాళోజీ అసొంటి పెద్దలు ఆ ఓరుగల్లు జైలు చూసి వచ్చినోళ్లే. 2021లో అక్కడ పెద్ద ఆస్పత్రి కడుతమని ప్రభుత్వం ఖైదీలందరినీ వేరే జైళ్లకు తరలించి, ఆ జైలును నేలమట్టం చేసింది. చర్లపల్లి, చంచల్‌గూడ, ఖమ్మం, ఇట్ల తలా ఒక దిక్కు పంపిండ్రు. 2021 జూన్ 21న ముఖ్యమంత్రి వచ్చి ఆస్పత్రికి పునాదిరాయి వేసిండు. కొత్త జైలు మామునూరు దగ్గర కడుతమన్నరు.

ఆస్పత్రి వద్దని మేం అంటలేం. ఎంజీఎంలో మంచం దొరకక నేల మీద పడుకున్నది మనమే. కాని ఇన్ని వందల మందిని దూరం పంపేటప్పుడు వాళ్ల తల్లులను, భార్యలను, పిల్లలను ఎవరన్న ఒక్క మాట అడిగిండ్రా? ఏ వాడకన్న వచ్చి చెప్పిండ్రా? లేదు. జైల్ల ఉన్నోడు లెక్కల లేడు. వాని ఇంటోళ్లు అసలే లెక్కల లేరు.

ఇప్పుడు దేశమంతటా ఒకటే మాట వినబడుతున్నది. జైళ్లు చాలుతలేవు, కొత్తవి కట్టాలె, బ్యారక్‌లు పెంచాలె అని. ఆ మాట అబద్ధం కాదు. 2022 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వ నేర రికార్డుల బ్యూరో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలోని జైళ్లలో 4 లక్షల 36 వేల మందికి జాగా ఉంటే, 5 లక్షల 73 వేల మందిని పెట్టినారు. వంద మంది ఉండాల్సిన చోట 131 మంది. ఒకడు కాళ్లు చాపాలంటే ఇంకొకడు ముడుచుకోవాలె. కాబట్టి జైళ్లు పెద్దగ కట్టాలె అంటే వినేటోళ్లకు న్యాయంగానే అనిపిస్తది.

కాని అదే పుస్తకంలో ఇంకో లెక్క ఉన్నది. ఆ 5 లక్షల 73 వేల మందిలో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలు. అంటే వాళ్లు నేరం చేసిండ్రని ఏ కోర్టూ ఇంకా చెప్పలేదు. నూటికి 75 మంది కంటే ఎక్కువ. శిక్ష పడ్డోళ్లు మాత్రమే లోపల ఉంటే, ఉన్న జైళ్లల్నే సగానికి పైగా ఖాళీ ఉంటయి. మన తెలంగాణలో 2014 తర్వాత ఖైదీలు లేరని కొన్ని సబ్‌జైళ్లు మూసేసిన సంగతి గుర్తు చేసుకోండి. అంటే గోడల కొరత కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉన్నది. శిక్ష పడనోన్ని లోపల ఎందుకు పెడుతున్నరు, ఎన్నాళ్లు పెడుతున్నరు అన్నది ఆ సంగతి.

ఆ విచారణ ఖైదీలు ఎవరు? ప్రతి ఐదుగురిలో ఒకరు దళితులు. దేశ జనాభాలో మనం 2011 లెక్కల ప్రకారం నూటికి 16 మందిమి చిల్లర. ఆదివాసులు, ముస్లింలు కూడ వాళ్ల జనాభా వాటా కంటే ఎక్కువే లోపల ఉన్నరు. వెనుకబడిన కులాలోళ్లు మూడో వంతు ఉన్నరు. అందరిలో మూడింట రెండు వంతుల మంది పదో తరగతి దాటనోళ్లు, లేకుంటే అక్షరం రానోళ్లు. చట్టసభలల్ల రాని వాటా, యూనివర్సిటీలల్ల రాని వాటా, జడ్జి కుర్చీలల్ల రాని వాటా మనకు జైళ్లల్ల ఎవరూ అడగకుండనే వచ్చింది.

మనోళ్లు ఎక్కువ నేరాలు చేస్తరు కాబట్టే ఎక్కువమంది లోపల ఉన్నరు అని పెద్దమనుషులు అంటరు. మేం చెప్పేది వినండి. ఆ తల్లి కొడుక్కు బెయిలు రాలేదనుకుంటున్నరా? వచ్చింది. కోర్టు బెయిలు ఇచ్చింది. ఇద్దరు జామీనుదారులను తెమ్మన్నది. ఇంటి పన్ను రశీదో, పట్టాదారు పాసుపుస్తకమో ఉన్నోళ్లు కావాలె. ఆ వాడల ఎవరికి పాసుపుస్తకం ఉన్నది? ఉన్న ఒకరిద్దరు భయపడ్డరు. బెయిలు కాయితం చేతిల ఉండంగనే ఆ పిలగాడు ఇంకా నాలుగు నెలలు లోపల్నే ఉన్నడు. ఆ నాలుగు నెలల శిక్ష ఏ సెక్షన్ కింద? భూమి లేకపోవుడు అనే సెక్షన్ కింద.

ఇది కొత్త ముచ్చట కాదు. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే బీద తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పై కోర్టు అతనికి బెయిలు ఇచ్చింది. కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగిండు. అతని సోదరుడు ముందుకొస్తే, నీ ఆస్తి ఇంకో జిల్లాలో ఉన్నదని కాదన్నడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును కొట్టివేసి, బీదవానికి వాని తాహతుకు మించిన జామీను అడిగితే అది బెయిలు ఇయ్యనట్టే అనే అర్థంలో తీర్పు చెప్పిండు. మరుసటి ఏడాది, 1979లో, బీహార్ జైళ్లలో విచారణ లేకుండ ఏండ్ల తరబడి మగ్గినోళ్ల సంగతి హుస్సేనారా ఖాతూన్ కేసులో బయటపడ్డది. శిక్ష పడితే ఉండాల్సిన కాలం కంటే ఎక్కువ కాలం ఉన్నోళ్లు కూడ అందులో ఉన్నరు. ఆ తీర్పులు వచ్చి 45 ఏండ్లు దాటింది. మన వాడకు ఆ తీర్పులు ఇంకా నడుచుకుంట వస్తనే ఉన్నయి.

జామీను దొరకనప్పుడు ఏమైతది? ఊరి పెద్ద ముందుకొస్తడు. ‘నేను జామీను పడుత, నీ కొడుకు నా దగ్గర పనిచెయ్యాలె’ అంటడు. ఒకప్పుడు అప్పుకు జీతముండేటోళ్లు. 1976ల వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. కాని జామీను కోసం జీతముండేటోని లెక్క ఏ చట్టంల రాసిండ్రు? జైలు తలుపుకు ఒక తాళంచెవి జైలరు దగ్గర ఉంటె, ఇంకొకటి ఆ పెద్దమనిషి నడుముకు ఉన్నది.

ఇగ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. జైలు గోడ లోపల కులం ఉండదనుకుంటరు. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ప్రతి కార్యకర్త తెలుసుకోవాలె. సుకన్య శాంత అనే జర్నలిస్టు అనేక రాష్ట్రాల జైలు నియమావళులు తిరగేసి, వాటిల్ల కులం ఎట్ల అచ్చు వేసి ఉన్నదో 2020లో బయటపెట్టింది. తర్వాత కోర్టుకు పోయింది. ఆ నియమాలు ఏమంటయి? పాకీపని, ఊడ్చే పని ఆ పని అలవాటున్న కులాలోళ్లకే ఇయ్యాలె. వంట పై కులాలోళ్లు చెయ్యాలె. ‘నేరస్త తెగల’ నుండి వచ్చినోళ్లను వేరుగా చూడాలె. పల్లెల రెండు గ్లాసులు ఉన్నట్టే జైల్ల రెండు పనులు. అదంతా అంటరానితనమేనని, రాజ్యాంగం 17వ అధికరణానికి విరుద్ధమని కోర్టు కొట్టివేసింది. జైలు రిజిస్టర్లల్ల కులం గడి తీసెయ్యమన్నది. రాజ్యాంగం అమలులోకి వచ్చి 74 ఏండ్లు గడిచినంక!

‘నేరస్త తెగలు’ అనే మాట ఎక్కడిది? 1871లో ఇంగ్లీషోడు చేసిన చట్టంది. కులానికి కులాన్నే పుట్టుదొంగలు అన్నడు. ఎరుకలి పుడితే దొంగ, లంబాడి పుడితే దొంగ. వాళ్లను ‘బాగుచెయ్యడానికి’ సెటిల్‌మెంట్లు పెట్టిండ్రు. కోస్తాలో బాపట్ల దగ్గరున్న స్టువర్టుపురం అట్లాంటిదే. సాల్వేషన్ ఆర్మీ మిషనరీలు నడిపిండ్రు. రోజూ హాజరు పిలిచేటోళ్లు, అనుమతి లేకుండ ఊరు దాటవద్దు. సంస్కరణ అని పేరు పెట్టిండ్రు, కంపెనీలకు చౌక కూలీలు దొరికిండ్రు. 1952ల ఆ చట్టం రద్దయింది. పదేండ్లకు, 1962ల, మన రాష్ట్రం అలవాటు నేరస్తుల చట్టం చేసుకున్నది. చట్టం పోయినా ఆ చూపు పోలేదు. ఇయ్యాటికీ తండాల్ల, ఎరుకల వాడల్ల దొంగతనం కేసు పడితే ముందు చూసేది ఎవరి ఇల్లు?

మనమే కాదు, అమెరికాల నల్లజాతి సోదరులది కూడ ఇదే కథ. 1865లో అక్కడ బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణలనే, నేరానికి శిక్షగా తప్ప అని ఒక సందు వదిలిపెట్టిండ్రు. ఆ సందులకెళ్లి జైలు పొలాలు, జైలు కూలీ వచ్చినయి. గత శతాబ్దం చివర ముప్పై ఏండ్లల్ల అక్కడ జైళ్లు కట్టుకుంట పోయిండ్రు. కట్టినకొద్ది నిండినయి. జనాభాల నూటికి 13 మంది ఉన్న నల్లోళ్లు జైళ్లల్ల మూడో వంతు దాకా ఉన్నరు. జాగా పెంచితే ఇరుకు తగ్గుతదనుకునేటోళ్లు ఆ దేశం దిక్కు ఒకసారి చూడాలె.

పునరావాసం గురించి కూడ నిజం మాట్లాడుకుందాం. జైలు శాఖ చేసిన మంచి పనులను మేం కాదనం. తెలంగాణ వచ్చినంక ‘విద్యాదానం’ అని ఒక కార్యక్రమం నడిపిండ్రు. చదువొచ్చిన ఖైదీలు చదువు రాని ఖైదీలకు నేర్పిండ్రు. వేలిముద్ర వేసి లోపలికి పోయినోడు సంతకం చేసి బయటికి రావాలె అన్నరు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ద్వార జైల్ల ఉండి డిగ్రీలు చదివినోళ్లున్నరు. జైలు శాఖ పెట్రోల్ బంకులు పెట్టి ఖైదీలకు, విడుదలైనోళ్లకు పని ఇచ్చింది. ఇవి మంచివే. మేం బడి పంతుళ్లం, ఒక మనిషి అక్షరం నేర్చుకుంటే మాకు సంతోషమే.

కాని ఆ సంతోషంల ఒక సిగ్గు కూడ ఉన్నది. మా ఇంట్ల మొట్టమొదటి డిగ్రీ మాదే. వాడ నుండి బడికి పోవుడు ఎంత దూరమో మాకు తెలుసు. మన పిలగాడు ఊరి బడిల నేర్వని అక్షరం జైలుకు పోయి నేర్చుకున్నడంటే, ఓడిపోయింది ఎవరు? ఏడో తరగతిల బడి మానిన నాడు మేం వాని ఇంటికి ఒక్కసారి పోయినం. మళ్ల పోలేదు. హాజరుపట్టీల పేరు కొట్టేసినం. జైలు రిజిస్టర్ల ఆ పేరు ఎక్కింది. పునరావాసం జైల్ల మొదలుపెట్టే పని కాదు. అది హాజరుపట్టీ కాడ మొదలుకావాలె. ఈ మాట మేం మా మీదనే వేసుకుంటున్నం.

బయటికి వచ్చినంక ఏమైతదో చూడండి. ఆ పిలగాని కేసు చివరికి కొట్టేసిండ్రు. సాక్ష్యం లేదు. ఇంటికొచ్చిండు. మూడు నెలలకు ఊళ్లె మళ్ల ఒక మోటరు పోయింది. పొద్దుగాల్నే జీపు వచ్చి వాని ఇంటి ముందే ఆగింది. ఆ రోజే ఇడిసిపెట్టిండ్రు. కాని ఊరు చూసింది. ఆ తర్వాత ఎవరూ కూలికి పిలువలేదు. సంబంధం తప్పిపోయింది. ఇప్పుడు హైదరాబాదుల సెంట్రింగ్ పని చేస్తడు, పండుగకు కూడ ఊరికి రాడు. స్టేషన్ల ఫోటో, సస్పెక్టు షీటు, రౌడీ షీటు ఉన్నంత కాలం లోపల ఎన్ని కుట్టుమిషన్లు నేర్పినా ఏం లాభం? సారా కేసులల్ల, చిన్న చిన్న దొంగతనాలల్ల 1986 నాటి పీడీ యాక్టు పెట్టి ఏడాది దాకా బెయిలు లేకుండ లోపల వెయ్యొచ్చు. ఈ చట్టాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నరని 2023లో, మళ్ల 2024లో సుప్రీంకోర్టు మన తెలంగాణ పోలీసులను గట్టిగ మందలించింది.

మన తప్పు కూడ చెప్పుకోవాలె. వాడు బయటికొచ్చిన నాడు మనం ఎదురుపోయినమా? ఊరోళ్లు కూలికి పిలువకపోతే అడిగినమా? మన ఆడబిడ్డలను ఆ ఇంటికి ఇయ్యొద్దన్నది ఎవరు? ఊరు మనల్ని వెలి వేస్తే కొట్లాడినం. మనం మనోన్ని వెలి వేస్తే నోరు మూసుకున్నం.

ఇంత చెప్పితే ఒక అక్క లేచి, ‘అన్నా, నేరం చేసినోళ్లను ఇడిసిపెట్టమంటున్నవా?’ అని అడగొచ్చు. లేదక్కా. చుండూరు సంగతి యాది చేసుకో. 1991 ఆగస్టు 6న మనోళ్లను నరికి, గోనె సంచుల్ల మూటగట్టి కాలువల పడేసిండ్రు. ఆ ఊళ్లనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి మనోళ్లు ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందరినీ నిర్దోషులన్నది. నరికినోళ్లకు జైలు తలుపు అంత తొందరగ తెరుచుకుంటది. మోటరు దొంగతనం అనుమానమున్న పిలగానికి బెయిలు వచ్చినా తెరుచుకోదు. మేం అడుగుతున్నది ఈ తేడా గురించే. శిక్ష పడాల్సినోనికి పడాలె. శిక్ష పడనోడు పేదోడైనందుకు లోపల ఉండొద్దు. శిక్ష అనుభవించినోడు మనిషిగ తిరిగి రావాలె.

మరి ఏం చేద్దాం? ఉపన్యాసం విని లేచిపోతే లాభం లేదు. కార్యకర్తలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది, లెక్క. ప్రతి వాడల ఎవరు జైల్ల ఉన్నరు, ఏ జైల్ల ఉన్నరు, ఏ సెక్షన్, ఎన్ని రోజులైంది, బెయిలు వచ్చిందా లేదా అని ఒక నోటుబుక్కుల రాయండి.

రెండోది, వకీలు. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీల ఉన్నోళ్లకు ఆదాయం ఎంతన్నది చూడకుండ ఉచిత న్యాయసహాయం ఇయ్యాలె. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. 15100 నంబరుకు ఫోను చెయ్యండి.

మూడోది, కాలం. 2024 జూలై 1 నుండి వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 479 సెక్షన్ చదవండి. గతంల ఏ నేరంలనూ శిక్ష పడని మనిషి, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షల మూడో వంతు కాలం విచారణలనే గడిపితే బెయిలు మీద వదలాలె. మిగతావాళ్లకు సగం కాలం. ఉరి, యావజ్జీవం ఉన్న కేసులకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తున్నోళ్లకు కూడ వర్తించదు. అందుకే ఒకని మీద నాలుగు కేసులు కలిపి పెడుతున్నప్పుడు మనం నిద్రపోవద్దు. కోర్టుకు రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. రాసిండా అని అడుగుడు మన పని.

నాలుగోది, జామీను. బెయిలు వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి న్యాయ సేవాధికార సంస్థకు తెలుపాలని, నెల దాటితే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. అదే ఏడాది కేంద్రం బీద ఖైదీల కోసం పథకం పెట్టింది. విచారణ ఖైదీ బెయిలుకు 40 వేల దాకా, శిక్ష పడినోని జరిమానాకు 25 వేల దాకా ప్రభుత్వమే కట్టొచ్చని అప్పుడు చెప్పిండ్రు. కలెక్టరు ఆఫీసుల అడగండి. అట్లనే ప్రతి ఊళ్ల జామీను పడేటోళ్ల జట్టు ఒకటి కట్టుకుందాం. పాసుపుస్తకం ఉన్న మనోళ్లు పది మంది పేర్లిస్తే, ఒక్కడు కూడ పెద్దమనిషి దగ్గరికి పోయి చేతులు కట్టుకునే అవసరం రాదు.

అయిదోది, తప్పుడు కేసు. కూలి అడిగినందుకో, భూమి అడిగినందుకో మనోని మీద తప్పుడు కేసు పెడితే, అది అట్రాసిటీ చట్టం 3(1)(పి) కింద నేరం. ఆ మాట స్టేషన్ల చెప్పాలంటే ముందు మనకు తెలిసి ఉండాలె.

ఆరోది, ఎదురుపోవుడు. విడుదలైనోడు వచ్చిన నాడు కార్యకర్తలు స్టేషన్‌కు పోయి తోలుకురావాలె. మొదటి నెల కూలి మనమే చూడాలె. బడి ఈడు పిల్లలుంటే బడికి పంపే పూచీ మా పంతుళ్లది.

మామునూరు దగ్గర జైలు కడుతమన్నోళ్లను అడుగుదాం. ఎంత ఎత్తు గోడ, ఎన్ని కెమెరాలు అని మేం అడగం. అందులో ఎంతమంది శిక్ష పడనోళ్లు ఉంటరు? ములాఖత్‌కు వచ్చే తల్లులు ఎక్కడ కూసుంటరు, మంచినీళ్లు ఎక్కడ తాగుతరు? పాకీపని ఎవరితో చేయిస్తరు? బయటికొచ్చే మనిషికి ఏ పని చూపిస్తరు? అడగాల్సినవి ఇవే. వీటికి జవాబు లేకుండ ఎన్ని బ్యారక్‌లు కట్టినా, మన వాడల పిల్లలతోనే నింపుతరు.

ఘనపూర్ స్టేషన్‌ల రోజూ బండ్లు రెండు దిక్కుల పోతయి. ఒక దిక్కు పోయే బండిల మన పిల్లలు కాలేజీకి పోవాలె. ఇంకో దిక్కు పోయే బండిల ఒక తల్లి సద్ది కట్టుకొని కూసున్నదంటే, ఆమె పక్క సీట్ల మనలో ఒకరు ఉండాలె. ఇయ్యాల ఇంటికి పోంగనే ఆ నోటుబుక్కు తెరవండి. మొదటి పేరు రాయండి.

జై భీమ్.